కల్లంలో పరిచిన బొమ్మలు

మాది వడ్డేపల్లి. నేను బొమ్మలు వేస్తాను. వాటిలో మనుషులూ చెట్లూ ఉండవు, అంతా రంగులే. ఆ ఏడు హైదరాబాద్ ప్రదర్శనకు పంపిన పెద్ద కాన్వాసులు ఒక్కటీ అమ్ముడుపోక చుట్టలుగా తిరిగొచ్చాయి. విప్పే ఓపిక లేక మూలన పడేశాను.

మిరప కోతల రోజులవి. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. పంటంతా కల్లంలో ఆరబోసి ఉంది. ఉన్న టార్పాలిన్ సగం మిర్చికే సరిపోయింది. ఎండిన రంగు నీళ్లను దిగనివ్వదని గుర్తొచ్చి, లోపలికి పరుగెత్తి ఆ చుట్టలు తెచ్చాను.

"వద్దు సుజాతా, నీ బొమ్మలు ఖరాబైతయి," అంది మా అత్తమ్మ.

"కానియ్యుండ్రి అత్తమ్మా. జర ఆ కొస పట్టుండ్రి," అన్నాను.

వాన దంచికొట్టింది. కాన్వాసుల మీద బురద పారుతుంటే అరుగు మీద కూర్చుని చూశాను. ఏడుపు కూడా రాలేదు.

వాన వెలిశాక చూస్తే అడుగున మిర్చి చాలావరకు పొడిగానే ఉంది. బొమ్మలే మట్టికొట్టుకుపోయాయి. పారేద్దామన్నాను. అత్తమ్మ వినలేదు. తడిగుడ్డతో వాటి ముందు కూర్చుని మెల్లగా తుడవసాగింది.

"గీ ఎర్రదాని పక్కన నల్లగున్నది మట్టేనా, నువ్వేసిందా?"

"నేనేసిందే."

"అట్లయితే ఉండనీ," అని పక్కకు జరిగింది.

పొద్దుగూకేదాకా అలా అడుగుతూ తుడుస్తూనే ఉంది. మరకలు పూర్తిగా పోలేదు. నా అలసటా పోలేదు. కానీ నా బొమ్మల్ని అంత దగ్గరగా, అంతసేపు చూసిన మనిషిని ఇప్పటికీ ఇంకొకరిని ఎరగను.

– సుజాత, వడ్డేపల్లి