పెళ్లికి పోయిన రోకలి

మణుగూరు పోయే రోడ్డు మీద ఒక గది కిరాయికి తీసుకుని, నలుగురు ఉద్యోగస్తులం చరిత్ర సంఘం పెట్టుకున్నాం. సెల్‌ఫోన్లు కొత్తగా చేతికొస్తున్న రోజులవి. పాత వస్తువుల కోసం ఇంటింటికీ తిరిగితే, "మీకిస్తే మళ్ల మా మొఖం చూస్తదా అది?" అని చాలామంది ఇవ్వలేదు. దొరికిన నాలుగింటినే బల్లల మీద సర్ది మ్యూజియం అన్నాం. చీటీలు రాసే పని నాది. ఇనుప పొన్ను అరిగిపోయిన ఒక రోకలి పక్కన 'పూర్వం వాడేవారు. తాకరాదు' అని రాసి పెట్టాను.

ఆ రోకలి ఇచ్చిన అవ్వే ఒకరోజు వచ్చి దాన్ని భుజాన వేసుకుంది. మనవరాలి పెళ్లికి పసుపు కొట్టాలట, వాడలో అందరి ఇళ్లలో మిక్సీలేనట.

"ఇది మ్యూజియం వస్తువు అవ్వా, బయటికి పోదు" అన్నాను, కాస్త కటువుగానే.

"చీటీ మీద ఏం రాసినవ్ బిడ్డా?"

చదివి వినిపించాను.

"పూర్వం ఏంది? ఎల్లుండి నేనే వాడుత" అని గడప దాటింది.

ఒళ్లు మండి, ఖాళీ అయిన చోట 'పెళ్లికి పోయింది' అని చీటీ పెట్టాను. వచ్చినవాళ్లంతా అది చదివి నవ్వుకున్నారు. వారానికి రోకలి పసుపు అంటుకుని తిరిగొచ్చింది. దాని వెనకే, అంతకుముందు కాదన్న ఇళ్ల నుంచి గంగాళాలు, కావడి పెట్టెలు, పీటలు ఒక్కొక్కటే వచ్చాయి.

ఇప్పుడు మాకు మూడు గదులు. పెళ్లిళ్ల రోజుల్లో మాత్రం ఎవరినీ రమ్మనను. అప్పుడు మా మ్యూజియం ఊళ్లో ఉంటుంది.