దండం పెట్టే గుర్రం

పెళ్ళి ఊరేగింపుల గుర్రం నేల మీద పడుకొని నిద్రపోవడం మీరు ఎన్నడైనా చూశారా? చూసి ఉండరు. ఎందుకు చూడలేదో ఆలోచించారా?

నేనూ ఆలోచించలేదు. సూర్యాపేటలో ఏళ్ళ తరబడి పిల్లలకు సైన్సు చెప్పి, సెలవు దొరికితే చాలు మూఢనమ్మకాల మీద సభలకు పరుగెత్తిన నేనే ఆలోచించలేదు.

కొన్నేళ్ళ కింద కోదాడలో అలాంటి సభే. శకునాల మీద మాట్లాడి కూర్చోగానే, పెళ్ళిళ్ళకు గుర్రాన్ని నడిపే ఒకాయన లేచాడు.

"సార్, నా గుర్రం ఫంక్షన్ హాల్ గేటు కాడ పండుకుంది. పెండ్లిల గుర్రం పండుకుంటే ఇంట్ల పీనుగ లేస్తదని పిల్ల తరపోళ్ళు నన్ను తరిమిన్రు. నిజమేనా?"

"గుర్రం పడుకోవడానికీ మనిషి చావుకూ ఏం సంబంధం?" అని గర్జించాను. అక్కడితో ఆగవలసింది. చప్పట్లు ఇంకా కావాలనిపించింది. "అసలు గుర్రానికి పడుకోవలసిన పనే లేదు! దాని కాళ్ళ కీళ్ళు గడియ పెట్టినట్టు బిగుసుకుంటాయి. నిలబడే నిద్రపోతుంది. ఇది శాస్త్రం!" హాలు మోగిపోయింది. ఆయన శ్రద్ధగా తల ఊపాడు.

నేను చెప్పింది సగం నిజం. తక్కిన సగం నాకు తెలియనిదీ కాదు. పెన్‌పహాడ్‌లో నా చిన్నప్పుడు మా ఇంటి వెనక ఇటుకబట్టీ ఉండేది. మట్టి మోసే గాడిదలు, అవీ గుర్రం జాతివే, పొద్దున చల్లారిన బూడిదలో పక్కకు ఒరిగి, కాళ్ళు బారజాపి పడుకునేవి. నిద్రలోనే పరుగెత్తుతున్నట్టు వాటి కాళ్ళు కదిలేవి. కళ్ళారా చూసినదాన్ని వేదికెక్కి మరిచిపోయాను.

మొన్న ఎండాకాలంలో మిర్యాలగూడలో అక్క కొడుకు పెళ్ళి. పొద్దున హాలు వెనక తెల్ల గుర్రాన్ని కట్టేశారు. రెండు పక్కల నుంచి తాళ్ళు లాగి పైనున్న ఇనుప పైపుకు బిగించారు. తల దించే వీలు లేదు. నేను చూస్తుండగానే దాని కళ్ళు మూతపడ్డాయి, ముందుకాళ్ళు వణికి వంగాయి, తాళ్ళు పట్టేశాయి, గుర్రం ఉలిక్కిపడి నిటారుగా నిలబడింది. మళ్ళీ కళ్ళు మూతపడ్డాయి. మళ్ళీ అదే. ముందుకాళ్ళ గిట్టలకు కాస్త పైన తోలు లేచిపోయి పుండ్లు. వాటి మీద తెల్ల పౌడర్ అద్దారు.

గుర్రం ఆయన నన్ను గుర్తుపట్టి నమస్తే పెట్టాడు. కోదాడ సభలో లేచిన మనిషే.

"ఇది పడుకొని ఎన్నాళ్ళైంది?" అన్నాను.

"లగ్గాలు షురూ అయినకాడి నుంచి పండుకోనియ్యలే సార్. పండుకుంటే పెండ్లోళ్ళతోని పరేషాన్. మీరే గదా సెప్పింది, దానికి అవసరమే లేదని!" నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు. నా మాట నిజంగానే నమ్మాడు.

నా దగ్గర చదివి పశువుల డాక్టరైన అబ్బాయికి ఫోన్ చేశాను. "నిలబడి కునుకు తీస్తది సార్. గాఢనిద్ర మాత్రం పండుకుంటేనే. అది లేకుంటే నిలబడ్డకాడనే నిద్ర ముంచుకొచ్చి ముందుకాళ్ళు మడతపడ్తయి. గిట్టల పైన పుండ్లున్నయంటే ఇంతకు ముందే పడ్డట్టు. మనిషిని ఎక్కించకుండ్రి."

అక్కకు చెప్పాను. "తమ్మీ, ఇయ్యాలన్న నీ సభ బంద్ పెట్టు," అంది. పెళ్ళికొడుకు నవ్వాడు: "నిద్రపోతే డీజే లేపుతది తియ్, మామా!"

సాయంత్రం ఊరేగింపు హాలు గేటు దగ్గరికి వచ్చింది. పాట మార్చడానికి డీజే ఒక్క క్షణం ఆగింది. ఆ నిశ్శబ్దంలో గుర్రం కళ్ళు మూసుకుంది. నేను అరిచేలోపే ముందుకాళ్ళు కూలాయి. మూతి సిమెంటుకు కొట్టుకొని నెత్తురు కారింది. మేనల్లుడు దాని మెడ మీదికి జారి, జూలు పట్టుకొని ఆగాడు.

"దండం పెట్టిందిరో! పెండ్లికొడుక్కు దండం పెట్టింది!" ఎవరో కేకేశారు. ఈలలు, పూలు, పైకి లేచిన ఫోన్లు. తనంతట తాను పడుకుంటే చావట, కూలిపోతే శుభమట!

మర్నాటికి ఆ వీడియో కోదాడ దాకా పాకింది. నేను అక్కడికి వెళ్ళి, ఇంటి ముందు కూడా అలాగే కట్టేసిన గుర్రం పక్కన ఆయన చేతులు పట్టుకున్నాను. "ఆ రోజు నేను చెప్పింది తప్పు. ఆ తాళ్ళు విప్పు," అన్నాను. విప్పబోయాడు. ఇంతలో ఫోన్ మోగింది. "ఆఁ, దండం పెట్టే గుర్రమే అన్నా... నడిగూడెం పెండ్లికి గూడ వస్త," అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకొని, తాడు ముడి మీది చెయ్యి తీసేశాడు.

"మంచిగ నిద్రపోతే మళ్ళ దండం పెట్టదేమో గదా సార్?"

తాళ్ళు అలాగే ఉన్నాయి.

శ్రావణం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. ఈసారి దాని మీద మొదటిసారి పంచె కట్టించే ధోతుల ఫంక్షన్ పిల్లాడు కూర్చుంటాడేమో. మీ వాకిట్లోకి గుర్రం వస్తే వంగి దాని ముందుకాళ్ళు చూడండి. పుండు కనిపిస్తే ఎక్కినవాణ్ణి దింపండి. శకునం అనేవాళ్ళను పక్కకు నెట్టి, మెత్తగా ఇసుక పోయించి, మీ చేతులతోనే తాళ్ళు విప్పి దాన్ని పడుకోనివ్వండి.