సుబ్బక్క తాగని నీళ్లు

ఆకుకూరలకు నీళ్లు చల్లడంలో సుబ్బక్కను మించిన మనిషి ఆ బజారులో లేదు. ఎడమచేత్తో కట్ట తిప్పుతూ కుడిచేత్తో చెంబులోంచి నాలుగు చుక్కలు విదిలిస్తే చాలు, ఆటోలో వాడిపోయి దిగిన గోంగూర కూడా పెళ్లికి ముస్తాబైనట్టు లేచి కూర్చునేది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆ చెయ్యి ఆగేది కాదు. చుక్కకూరకు నీళ్లు, మెంతికూరకు నీళ్లు, తోటకూరకు నీళ్లు. ఆమె గొంతులోకి మాత్రం చుక్క పోయేది కాదు.

అదేం విడ్డూరం, కర్నూలు ఎండలో నీళ్లు తాగకుండా మనిషి ఎట్లా బతుకుతుంది అని అడుగుతారేమో. ఒక్క సుబ్బక్కే కాదు, ఆ బజారులో కూర్చునే ఆడవాళ్లందరిదీ అదే బతుకు. పక్కన పూలమ్మే శివపార్వతి మొదలు చింతపండు అమ్మే ముసలమ్మ దాకా, తెల్లవారకముందే ఇంట్లో కానిచ్చుకుని వస్తే మళ్లీ చీకటిపడి ఇల్లు చేరేదాకా అంతే సంగతులు. బజారులో ఆడవాళ్లు ఒకటికి పోయేందుకు చోటు లేదు. ఒకప్పుడు పాత గోడౌను వెనక కంపచెట్ల చాటు ఉండేది. అక్కడ షాపుల కాంప్లెక్సు లేచింది. ఊరు బాగుపడింది, సంతోషమే, చాటు పోయింది. మగవాళ్లకేం, ఊళ్లో ఎన్ని గోడలుంటే అన్ని మరుగుదొడ్లు. ఇక్కడ పోయరాదు అని గోడ మీద రాస్తే ఆ అక్షరాల కిందే నిలబడతారు మహానుభావులు. ఆడవాళ్లకున్న ఉపాయం ఒక్కటే, నోరు కట్టుకోవడం.

సుబ్బక్కది మగ్గాల ఇల్లు. భర్త చిన్నన్న నూలు చీరలు నేస్తాడు. పనితనానికి వంక పెట్టలేం గానీ, చీరకు గిరాకీ ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. కడుపుకు మాత్రం ప్రతి నెలా గిరాకీయే. అందుకని పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే ఆమె గంప ఎత్తుకుని బజారుకొచ్చింది. వేపచెట్టు నీడ పడే మూల కోసం ఉల్లిగడ్డల మారెన్నతో తగవు పడి, నోటిబలంతో గెలిచింది. ఆ మూలనే కూర్చుని కూతురికి పెళ్లి చేసింది, కొడుకును ఐటీఐ చదివించింది. "సుబ్బక్క జాగా కాడికి రా" అని ఊళ్లో జనం ఒకరికొకరు గుర్తు చెప్పుకుంటారు. ఆ మాట చెవిన పడితే ఆమెకు కడుపు నిండినంత సంతోషం.

అట్లాంటి జాగాకే ఎసరొచ్చింది. సంక్రాంతి పోయిన కొన్నాళ్లకు ఆమెకు నడుములో పోటు మొదలైంది. సర్కారు ఆస్పత్రి డాక్టరమ్మ పరీక్ష చేయించి, కిడ్నీలో రాళ్లున్నాయంది. పగలు ఎన్ని నీళ్లు తాగుతావని అడిగితే సుబ్బక్క తల దించుకుంది.

"ఇట్లాగే ఇంకో ఎండాకాలం గడిపితే కిడ్నీయే పోతుందమ్మా. పగలంతా నీళ్లు తాగు. లేదంటే బజారు మానుకో" అని డాక్టరమ్మ తేల్చి చెప్పింది.

ఇంటికొచ్చి చెబితే చిన్నన్న మగ్గం ఆపి లేచాడు. మనిషికి నిజంగానే భయం పట్టుకుంది. "మానుకో మ్మే. నేను ఇంగా నాలుగు చీరలు ఎక్కువ నేస్తా."

"నువ్వు చీరలు నేస్తావు సరే. కొనేటోళ్లను గూడా నువ్వే నేస్తావా?" అంది సుబ్బక్క. అని, వెంటనే నొచ్చుకుంది. ఆయన మంచికే కదా అన్నాడు.

సరే, నీళ్లు తాగే చూద్దామనుకుంది. ఒకరోజు పెద్ద సీసా నిండా తెచ్చుకుని, డాక్టరమ్మ చెప్పినట్టే గుటకేస్తూ కూర్చుంది. పొద్దు నడినెత్తికి రాకముందే ఇంటికి పరుగు తీయాల్సి వచ్చింది. కొంచెం చూసుకో అని శివపార్వతికి చెప్పి వెళ్లింది గానీ, ఆమె మల్లెలు మూర వేసే పనిలో తల ఎత్తలేదు. బజారు ఆంబోతు తీరిగ్గా వచ్చి మెంతికూరంతా మేసి, తోటకూర తొక్కి, కొత్తిమీర మాత్రం రుచించలేదేమో వదిలేసి పోయింది.

ఆ దెబ్బతో సుబ్బక్క ఒంటిపూట బజారుకు దిగింది. మధ్యాహ్నానికే గంప సర్దుకుని ఇంటికి పోయి నీళ్లు తాగేది. కానీ ఆకుకూరల బేరమంతా సాయంత్రమే. పైగా బజారులో ఖాళీ జాగాకు ఎవడైనా సొంతదారుడే. ఆమె అటు లేవగానే మారెన్న ఒక ఉల్లిగడ్డల మూట తెచ్చి ఆ మూలలో పెట్టడం మొదలుపెట్టాడు. మొదట ఒక మూట, తర్వాత రెండు. జాగా ఖాళీగా వదిలిపోయేది తనే కాబట్టి సుబ్బక్కకు తగవు పడేందుకూ వీల్లేకపోయింది.

ఇదిలా ఉండగా ఎండలు ముదిరాయి. ఏటా పెట్టినట్టే మున్సిపాలిటీ వాళ్లు బజారులో చలివేంద్రం పెట్టారు. పందిరి, నీళ్ల క్యాన్లు, బ్యానరు, ఫొటోలు తీసే మనిషి, అన్నీ సిద్ధం. రిబ్బను కత్తిరించింది చైర్‌పర్సన్ సుందరలక్ష్మి. స్టీలు సామాన్ల అంగడి వాళ్ల కోడలు, మొదటిసారి గెలిచిన మనిషి, మంచిదే. వెంట కమిషనర్ మునీంద్ర. ఆయన నవ్వితే కూడా ఏ పద్దు కింద రాయాలో ఆలోచించి నవ్వుతాడని ఊళ్లో వేళాకోళం.

మొదటి గ్లాసు బజారులో కష్టపడే మనిషికిస్తే ఫొటో బాగుంటుందని ఎవరో అన్నారు. ఎదురుగా కనిపించింది సుబ్బక్క. సుందరలక్ష్మి స్వయంగా గ్లాసు తెచ్చి, "తాగక్కా" అంటూ చేతికిచ్చింది.

సుబ్బక్క అందుకుంది. అందరూ చూస్తున్నారు. ఆమె చెయ్యి మాత్రం తన అలవాటున తను, గ్లాసులో వేళ్లు ముంచి గోంగూర మీద చల్లడం మొదలుపెట్టింది.

జనం గొల్లుమన్నారు. మునీంద్ర ముఖం మాడిపోయింది. సుబ్బక్కకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"తప్పయిపోయిందమ్మా. చెయ్యి అలవాటు. నేను ఈడ నీళ్లు తాగను."

"ఎందుకక్కా? మంచి నీళ్లే."

"నీళ్లు శానా బాగుండాయమ్మా. తాగినాక యాడికి పోవల్ల?"

నవ్వులు ఆగిపోయాయి. పక్కనుంచి శివపార్వతి అందుకుంది. "మాలో ఎవ్వరమూ తాగం మేడమ్. మీ చలివేంద్రం నీళ్లు మగోళ్లు తాగుతాండారు, గోడలు తడుస్తాండాయి."

సుందరలక్ష్మి ముఖం ఎర్రబడింది. "మా అంగడి వెనక బాత్రూము ఉండాది. రోజూ పోతాండా. మీరు యాడికి పోతారని ఒక్కనాడూ అనుకోలేదక్కా" అని ఉన్నమాట ఒప్పుకుంది. ఫొటోల మనిషిని ఇంటికి పొమ్మంది.

మాట ఒప్పుకోవడం తేలికే, ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టించేందుకు డబ్బు తేవడమే కష్టం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టుంటుంది ఏ చిన్న మున్సిపాలిటీ సంగతైనా. జీతాలు, నీళ్లు ఎక్కించే మోటార్ల కరెంటు బిల్లు, ఎండాకాలం ట్యాంకర్లు, కాలువల పూడిక, అన్నీ అయ్యేసరికి ఊడ్చినా రాలేది ఏమీ ఉండదు. పైగా కొత్త ఏడాది బడ్జెట్టు ఆ నెలాఖరుకే పెట్టాలి. "రాబడికి మించి ఖర్చు రాయలేం మేడమ్. కొత్తది ఒకటి రాయాలంటే పాతది ఒకటి కొట్టెయ్యాలి" అన్నాడు మునీంద్ర. పాపం, ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఊరికి ఉపకారం కూడా చేశాడు. బజారు మూలన విరిగిన తక్కెళ్లు పడేసిన పాత గది ఒకటుందనీ, దాన్ని బాగుచేస్తే తక్కువలో అయిపోతుందనీ ఆయనే గుర్తుచేశాడు. ఆ తక్కువ కూడా ఎక్కడినుంచి కొయ్యాలో తోచలేదు. ట్యాంకర్లు ఆపితే ఊరు ఎండిపోతుంది. చలివేంద్రాలు ఎత్తేస్తే ఊరు తిడుతుంది.

రెండు రోజులకు సుందరలక్ష్మి ఒక్కతే బజారుకొచ్చింది. కూర బేరం చేస్తూ సుబ్బక్క పక్కన పీట మీద చతికిలబడింది.

"దాతలను అడిగి చూసినానక్కా. గోవిందయ్య శెట్టి కాడికి పోయినా."

గోవిందయ్య అంటే ఊళ్లో పెద్ద బియ్యం వ్యాపారి. బస్సుల కాడ పందిరికీ, పార్కులో బెంచీలకూ, అన్నిటికీ వాళ్ల నాన్న పేరే ఉంటుంది.

"ఏమన్యాడమ్మా?"

"'ఏమన్నా అడుగమ్మా, ఇస్తా. మా నాయన పేరు కక్కసు మీద రాయిస్తే మా అమ్మ కలలోకొచ్చి కొడుతుంది' అన్యాడు. పేరు రాయకుండా ఇయ్యి అంటే, పేరు లేనిదానికి ఇచ్చేదెందుకమ్మా అన్యాడు."

ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. సుబ్బక్క పైట చెంగుతో కళ్లు తుడుచుకుంటూ అంది. "ఆయప్పకు పుణ్యం కావల్లమ్మా. నా కాడ గోంగూర కొన్నప్పుడల్లా ఒకటే ఏడుపు. వాళ్ల నాయన పేరుతో పెట్టే చలివేంద్రాన్ని కొన్నేండ్ల కింద మీ మున్సిపాలిటీ లాక్కున్యాదని. నీళ్లు పోసే పుణ్యం గూడా మీకే కావల్నా అని తిడతాంటాడు."

సుందరలక్ష్మి నవ్వు ఆపేసింది. ఒక్క క్షణం సుబ్బక్క ముఖంలోకే చూసి, కొన్న తోటకూర అక్కడే మరిచిపోయి గోవిందయ్య అంగడి వైపు గబగబా నడిచింది. ఎందుకు పోయిందో సుబ్బక్కకు అప్పుడు అర్థం కాలేదు. కూర వాడిపోతుందని దానికీ నాలుగు చుక్కలు చల్లి పక్కన పెట్టింది.

బడ్జెట్టు సమావేశం నాడు సుబ్బక్క, శివపార్వతి వెళ్లి వెనక వరసలో ఒదిగి కూర్చున్నారు. అప్పటికి విషయం తెలిసింది. ఊళ్లో చలివేంద్రాలన్నీ ఆ ఏడాది నుంచి గోవిందయ్యా, తక్కిన వ్యాపారులూ తమ పెద్దల పేర్లతో పెట్టుకుంటారు. మున్సిపాలిటీ వాటికి రాసే సొమ్ము బజారులో పాత గదికి పోతుంది. ఒక సభ్యుడు లేచి, మిగిలిన సొమ్ముతో ఊరి మొదట్లో స్వాగత తోరణం కట్టిద్దామన్నాడు.

"తోరణానికి దాత దొరుకుతాడన్నా. పేరు రాసుకోను శానా చోటుంటాది" అంది సుందరలక్ష్మి. "దీనికి దొరకడు. దాత దొరకనిదానికే కదా మున్సిపాలిటీ ఉండేది."

మునీంద్ర గొంతు సవరించుకున్నాడు. "కట్టేది ఒక్కసారి, కడిగేది రోజూ. ఆ మనిషి జీతం ఎక్కడిది?"

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. ఇంతదాకా వచ్చి ఇక్కడ ఆగిపోతుందేమోనని సుబ్బక్కకు భయమేసింది. జాగాలో మారెన్న మూటలు కళ్లముందు కదిలాయి. తనకు తెలియకుండానే లేచి నిలబడింది.

"సార్, బజారులో కూచున్నందుకు మేం దినాము ఆశీలు కడతాండాం. దాంతోపాటు ఒక్కొక్కరం ఇంగొక రూపాయి ఇస్తాం. కానీ ఆ రూపాయి దానికే పెట్టల్ల. తోరణానికి గాదు."

సభ నవ్వింది. తోరణం సభ్యుడు కూడా నవ్వేశాడు. మునీంద్ర కాగితం మీద ఏదో వేసి చూసుకుని, "సరిపోతుంది" అన్నాడు. ఏ పద్దు గురించీ ఆలోచించకుండా ఆయన నవ్వడం అందరూ ఆ రోజే చూశారు.

మెట్లు దిగుతుంటే శివపార్వతి మోచేత్తో పొడిచింది. "నన్నడగకుండా నా రూపాయి ఇచ్చేస్తివే."

"ఇయ్యవా?"

"ఇస్తాలే. కావల్నంటే రెండిస్తా."

రోహిణి కార్తె ఎండల్లో గది తయారైంది. సున్నం, కొళాయి, లోపలి నుంచి గట్టిగా పడే గడియ. తెరవడానికి రమ్మంటే సభ్యులకు ఒకరికి జ్వరం, ఒకరికి పెళ్లి. చలివేంద్రం కాడ ముగ్గురు పెనుగులాడే కత్తెరను ఆ రోజు ముట్టుకునేవాళ్లే లేరు. సుందరలక్ష్మే వచ్చింది, ఫొటోలు లేవు, గడియ రెండుసార్లు వేసి తీసి చూసుకుని పోయింది.

మధ్యాహ్నమైంది. మారెన్న మూట భుజానెత్తుకుని వచ్చి నిలబడ్డాడు. "ఏమక్కా, యాళైంది, పోలేదా?"

"పోను మారెన్నా. నీ మూట నువ్వు ఎత్తకపో" అంది సుబ్బక్క, శాంతంగానే.

వాడు అటు తిరిగాక ఆమె లేచి చీర దులుపుకుని, ఎదురుగా గోవిందయ్య చలివేంద్రానికి వెళ్లింది. ఇసుక మీద మట్టి కుండలు, వాటికి తడిగుడ్డలు, పైన వాళ్ల నాన్న పేరు మూర పొడుగు అక్షరాల్లో. గోవిందయ్యే ఆ పూట కూర్చుని నీళ్లు పోస్తున్నాడు. ఆమె గ్లాసు అందుకుని, ఈసారి చెయ్యి తడబడకుండా, ఎత్తి పట్టి గుక్క తిప్పుకోకుండా తాగింది. తాగి ఆగిపోయింది.

"సెట్టీ, దీంట్లో ఏమేసినారు? ఏందో కమ్మగా ఉండాది."

"వట్టివేర్లక్కా. మా నాయన కాలం నుంచి మేం పెట్టే కుండల్లో వేస్తాండాం కదా" అని గోవిందయ్య వింతగా చూశాడు. "ఇన్నేండ్లు ఎదురుగానే కూచుంటివి, నీకు తెలీదా?"

"తెలీదప్పా" అంది సుబ్బక్క. ఖాళీ గ్లాసు మళ్లీ ఆయన ముందుకు చాచింది. "ఇంగొక గ్లాసు పొయ్యి."