బోండా, బిస్కెట్ల ఊరేగింపు

ఒక్క రోజులో రెండు చిన్న ప్రాణాలను హడలగొట్టి, తొమ్మిదేళ్ల కూతురి చేత పాఠం చెప్పించుకుని, చివరికి నాకేదో జబ్బు చేసిందన్న పుకారు మా దీవిలోని గరాచర్మ పేట అంతా పాకేలా చేసుకున్న ఘనుణ్ణి నేను. ఆ కథ ఇప్పుడు చెబుతాను. చదువుతూ మీరు నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు, ఆ పని నేనూ చేస్తూనే ఉన్నాను.

ముందు నా గొంతు గురించి చెప్పాలి. జెట్టీలో పడవల దగ్గర టికెట్లు చూసే ఉద్యోగం నాది. ఏళ్ల తరబడి ఇంజన్ల హోరు మీద "లైన్ మే ఆయియే" అని, లైన్లో రమ్మని అరిచీ అరిచీ, ఇంట్లో ఉప్పు అందించమన్నా వీధి చివరివాళ్లు ఉప్పు డబ్బా వెతుక్కునే స్థితికి వచ్చాను. నా కూతురు గ్రేస్ నాకు పూర్తిగా వ్యతిరేకం. ఇంటికి ఎవరొచ్చినా "అంకుల్‌కి బైబిల్ కంఠత వాక్యం చెప్పమ్మా" అని దాన్ని హాలు మధ్యలో నిలబెట్టేవాణ్ణి. అది నిలబడేది. అంతే, నోరు పెగిలేది కాదు. "సిగ్గండీ, పెద్దదైతే పోతుంది" అని నవ్వేసి, దాని బదులు నేనే వాక్యం చెప్పేసేవాణ్ణి.

అలాంటి పిల్ల నోరు తెరిచి నన్ను అడిగిన మొదటి కోరిక, గినీ పిగ్స్. డెలానీపూర్‌లో ఉండే మా ఆఫీసు సత్యం గారింట్లో ఉన్న జత పిల్లల్ని పెట్టింది. తోకలు లేకుండా, బొచ్చు లడ్డూల్లా ఉన్న రెండింటిని ఆయన అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు.

"చూడు బాబూ, రెండ్రోజులు వీటి జోలికి పోకు. దాక్కోడానికి ఈ పెట్టె అలగే ఉంచు. గడ్డి, నీళ్లు పెట్టి వదిలేయ్. ఆటంతటవే నమ్ముతాయి. ముఖ్యంగా తిండి మానేస్తే మాత్రం ఊరుకోకు, ఒక రోజు తినకపోయినా ప్రమాదమే."

"అలాగేనండీ" అన్నాను. ఆ అనడంతోనే పెట్టెలో రెండూ ఎగిరిపడ్డాయి. నేను దాన్ని ఉత్సాహం అనుకున్నాను.

మా దీవుల్లో ఒక మర్యాద ఉంది. ఓడ దిగి కొత్తగా వచ్చినవాళ్లను ఎవరూ ఒంటరిగా వదలరు. నలుగురికీ పరిచయం చేస్తారు, నాలుగిళ్లలో టీ తాగిస్తారు. మనుషులకు చేసే మర్యాద వీటికి ఎందుకు తక్కువ చేయాలి? బోండా, బిస్కెట్ అని పేర్లు పెట్టి, రెండింటినీ కూరగాయల బుట్టలో కూర్చోబెట్టి వీధిలోకి బయలుదేరాను.

"డాడీ, సత్యం అంకుల్ ఒద్దన్నారు కదా" అంది గ్రేస్, గుమ్మం దగ్గర.

"ఆయనకేం తెలుసమ్మా, నువ్వు చూస్తూ ఉండు."

ఏడిళ్లు తిప్పాను. ఎక్కడ బుట్ట దించినా రెండూ కదల్లేదు, మెదల్లేదు. గుండ్రటి కళ్లతో అలా చూస్తూ ఉండిపోయాయి. ఎంత బుద్ధిమంతులో అని పక్కింటి సరోజ దీదీ ముచ్చటపడిపోయింది.

"అరే వాహ్ భయ్యా, కిత్నే షరీఫ్ హై."

"ట్రైనింగ్, దీదీ. ఒక్క గంటలో నా మాట వింటున్నాయి" అన్నాను, గంట క్రితమే వాటిని చూసిన నేను.

ఆ షరీఫులు ఇంటికి రాగానే, బుట్ట దించడమే ఆలస్యం, చెరో పక్క నుంచి దూకి ఫ్రిజ్ వెనక్కి దూరాయి. నేను నేల మీద బోర్లా పడుకుని పిలిచాను. పళ్లెం వాయించాను. క్యారెట్ చూపించి బతిమాలాను. మధ్యాహ్నం పోయి సాయంత్రమైనా ఒక్క గడ్డిపరకా ముట్టలేదు. సత్యం గారి చివరి మాట అప్పుడు గుర్తొచ్చింది. కూతురి మొదటి కోరికను ఒక్క పూటలో చంపేస్తున్నానా అని నిజంగా భయపడ్డాను.

నా భార్య సుగుణ వంటింట్లోంచి వచ్చింది. "ఏటండీ ఆ గోల? పళ్లెం వాయిస్తే భోజనానికొచ్చేది మీరొక్కరే."

గ్రేస్ నా చేతిలోంచి పళ్లెం తీసుకుంది. "డాడీ, మీరు వరండాలో కూర్చోండి."

"నేనుంటే ఏమైందమ్మా? పొద్దున్న చూశావుగా, ఎంత బుద్ధిగా ఉన్నాయో."

"బుద్ధి కాదు డాడీ. నన్ను ఇంటికొచ్చిన అంకుల్‌ల ముందు నిలబెడతారు కదా, అప్పుడు నేనూ అలగే ఉంటాను."

"అది సిగ్గమ్మా."

"సిగ్గు కాదు. భయం."

నేల మీంచి లేచి వరండాలోకి నడిచాను.

కిటికీలోంచి చూశాను. గ్రేస్ అట్టపెట్టెను అడ్డంగా పడుకోబెట్టి ఫ్రిజ్ పక్కకు జరిపింది. దాని ముందు నాలుగు కొత్తిమీర రెబ్బలు వేసింది. తర్వాత వాటికి వీపు తిప్పి, గోడకానుకుని లెక్కల పుస్తకం తెరిచింది. పిలవలేదు, తొంగి చూడలేదు. అటు సుగుణ వంట పూర్తయింది, ఇటు నాకు దోమలు కుట్టడం పూర్తయింది. అప్పుడు ఫ్రిజ్ వెనక నుంచి ఒక ముక్కు వచ్చింది. దాని వెనక ఇంకో ముక్కు. కొత్తిమీర కరకరమన్న చప్పుడు విని నా కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్రేస్ అప్పుడు కూడా తల తిప్పలేదు. ఆ ఓర్పు ఎవరి పోలికో నాకు తెలియదు, నాది మాత్రం కాదు.

మర్నాటి నుంచి నాకు శిక్షణ మొదలైంది. వాటికి కాదు, నాకు. రోజూ అరగంట పెట్టె పక్కన కూర్చోవాలి, మాట్లాడకూడదు (మిగతా వేళ కూడా ఇంట్లో గుసగుసే), అరచేతిలో కీరా ముక్క పెట్టుకుని చెయ్యి నేల మీద ఆనించి ఉంచాలి. అరగంట మౌనం నేను చర్చిలో కూడా పాటించి ఎరగను. మూడో రోజు ఆ అరగంటలోనే, మూడ్రోజులుగా నా గొంతు వినపడలేదు, ఒంట్లో బాగుందో లేదోనని సరోజ దీదీ కంగారుగా వచ్చింది.

"భాభీ, భయ్యా కీ తబియత్ ఠీక్ హై నా? తీన్ దిన్ సే ఆవాజ్ నహీ ఆయీ."

నాకు జవాబు చెప్పే అనుమతి లేదు. ఆదివారానికి చర్చిలో నా స్వస్థత కోసం ప్రార్థన జరిగింది.

తొమ్మిదో రోజు బోండా ముందుకొచ్చింది. ఆగింది. ఇంకో అడుగు వేసింది. నా అరచేతిలోంచి కీరా ముక్క లాక్కుంది.

"తీసుకుంది" అన్నాను. అన్నాను అంటే జెట్టీ గొంతుతో అన్నాను. బోండా కీరాతో సహా పెట్టెలోకి మాయమైంది. గ్రేస్ కోప్పడలేదు.

"మళ్లీ మొదట్నించీ, డాడీ" అంది, ఇంకో ముక్క కోస్తూ.

నెల గడిచాక ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పబోతుంటే లోపల నుంచి సన్నటి గొంతు వినిపించింది. గ్రేస్ ఒళ్లో బోండా, పక్కన బిస్కెట్. వాటికి కంఠత వాక్యం చెబుతోంది. ఒక్క వాక్యం కాదు, కీర్తన మొత్తం, ఎక్కడా తడబడకుండా. ఎవరి ముందూ పెదవి విప్పని నా కూతురు. నాకు గర్వం ఆగలేదు. వెంటనే సరోజ దీదీని పిలుచుకొద్దామని సగం విప్పిన చెప్పు మళ్లీ తొడుక్కుని వీధిలోకి ఒక కాలు పెట్టాను.

ఆ కాలు వెనక్కి తీసుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను. కీర్తన అయిపోయేదాకా కదల్లేదు, మెదల్లేదు. ఆ రోజు నన్ను చూసినవాళ్లెవరైనా ఎంత షరీఫ్ అనుకునేవారు.

అప్పుడే ప్రమాణం చేశాను. రెండు కాళ్లదైనా, నాలుగు కాళ్లదైనా, ఇక నా బతుకులో ఏ ప్రాణినీ జనం ముందు నిలబెట్టి ప్రదర్శించను. ఇంత గొప్ప ప్రమాణం లోకమంతా వినేలా చెయ్యాలని లేచి నిలబడి గొంతు సవరించుకున్నాను.

"డాడీ," అంది గ్రేస్ లోపల్నుంచి, "ఏం చెప్పాలన్నా మెల్లగా చెప్పండి. బోండా పడుకుంది."