ముందు నవ్వాల్సింది నేనే

పదిహేనేళ్లు టీవీలో ఆడవాళ్ల చేత ఆటలాడించాను. ఊరికి వెళ్లడం, ఓ వీధిలో షామియానా వేయించడం, నిమిషంలో ఎవరు ఎక్కువ గాజులు తొడుక్కుంటారో చూడటం, గెలిచినావిడ చేతిలో చీర పెట్టడం. అంతకుముందు అమలాపురం కేబుల్ టీవీలో పుట్టినరోజు శుభాకాంక్షలు చదివేదాన్ని. అక్కణ్ణుంచి హైదరాబాదు ఛానెల్‌కి వెళ్లడం పెద్ద ఎదుగుదలే. కాదంటే కళ్లు పోతాయి.

చీర ఇచ్చేముందు ఒక ప్రశ్న ఉండేది. "మీవారిలో మీకు నచ్చనిది ఒక్కటి చెప్పండి." గురక పెడతారని ఒకావిడ, సినిమాకి తీసుకెళ్లరని ఇంకొకావిడ. జవాబు ఏదైనా సరే, మాట పూర్తవుతుండగానే ముందు నేను నవ్వాలి. మొదటి రోజే డైరెక్టరు నేర్పిన పని ఇది. యాంకరు నవ్వితేనే అది జోకని జనానికి తెలుస్తుందిట. లేకపోతే ఆలోచనలో పడతారు, ఆలోచనలో పడితే ఛానెల్ మార్చేస్తారు. పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా నేను ఆలస్యంగా నవ్వలేదు.

ఆ నవ్వు పీడ వదిలించుకుందామనే సినిమా తీశాను. మొగుడూ పెళ్లాం మాట్లాడుకోని ఒక ఇంటి కథ. మొదట్లో తెర వెనకనుంచి వినపడే నాలుగు మాటలు నేనే చెప్పాను, అదే నా తెలివితక్కువ. అమలాపురంలో మొదటి ఆట చూడటానికి వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. "ఆ ఇంట్లో గోడలకి కూడా మాటలు మర్చిపోయి చాలా కాలమైంది" అని నా గొంతు వినపడగానే హాలంతా ఈలలు, నవ్వులు. ఎవరో "చీర ఎవరికండీ?" అని అరిచారు. వారం తిరక్కుండానే పోస్టరు మీద ఇంకో పోస్టరు పడింది. నాకు జనం మీద కోపం రాలేదు. నా గొంతు మీద వచ్చింది.

కాగితానికి మొహం ఉండదు, గొంతూ ఉండదు. అందుకని నవల రాశాను. రెండేళ్లు పట్టింది. అది మా పిన్ని కథ.

పిన్నిది తాటిపాక దగ్గర పల్లెటూరు. బాబాయి కువైట్‌లో డ్రైవరుగా ఇరవై ఏళ్లకి పైగా చేసి, మేడ కట్టించి, ఇంక వెళ్లనని వచ్చేశారు. ఆయన లేనన్నాళ్లూ పిన్ని వరండాలో నాలుగు మిషన్లు వేసి ఊళ్లో ఆడపిల్లలకి కుట్టు నేర్పేది. వచ్చిన నెలకే బాబాయి "ఇంకా నీకేం ఖర్మ?" అని మిషన్లు అమ్మేశారు. ఆయనేం చెడ్డవారు కాదు. ఏ కూర వండాలో చెబుతారు, ఫ్యాను ఎప్పుడు వేయాలో చెబుతారు, గుమ్మం దాటితే ఎక్కడికని అడుగుతారు. అంతే. ఆ అంతేలో పిన్నికి ఊపిరాడదు. ఓసారి వంటింట్లో నేనూ తనూ ఉన్నప్పుడు, గొంతు తగ్గించి, "ఆయన అక్కడున్నన్నాళ్లే నాకు బాగుండేదే అమ్మలూ. ఫోన్లో చాలా మంచాయన" అంది. ఆ మాట మీదే నవలంతా కట్టాను.

అచ్చుకి వెళ్లేముందు చివరి ప్రూఫులు వచ్చాయి. అప్పుడు భయం పట్టుకుంది. పేర్లు మారిస్తే మాత్రం బాబాయికి తెలియదా? పుస్తకం పాఠకులు చదివి పక్కన పెట్టేస్తారు. పిన్ని మాత్రం ఆ మేడలోనే ఆయనతో బతకాలి. తను వద్దంటే రెండేళ్ల పని చింపి పారేద్దామని నిశ్చయించుకుని, ప్రూఫులు సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

చెప్పకుండా వెళ్లానన్న మాటేగానీ, తాటిపాకలో ఆటో ఎక్కగానే గుట్టు రట్టయింది. డ్రైవరు ఎవరికి ఫోన్ చేశాడో, నేను దిగేసరికి వరండా నిండా ఆడవాళ్లు. బాబాయి కుర్చీలు వేయిస్తున్నారు. పిన్ని పట్టుచీర కట్టుకుని ఉంది, పాపం. పలకరించే నెపంతో పిన్ని వెనకే రెండుసార్లు వంటింట్లోకి వెళ్లాను. రెండుసార్లూ నా వెనకే నలుగురు వచ్చారు.

"ఓ ఆట పెట్టమ్మాయ్, సరదాగా" అన్నారు బాబాయి.

ఇంకోసారి పెడతానన్నాను.

"ఆయ్, మీ ఇష్టవండి. ఎంత అలిసిపోయి వచ్చేరో ఏవిటో. మాకంత అదృష్టం ఎక్కడిదిలెండి" అంది పక్కింటావిడ. మా వైపు మనిషిని మర్యాదతోనే కట్టేస్తారు. కేకలేస్తే కేకలేసి బయటపడొచ్చు, దీనికి విరుగుడు లేదు. మొహాన నవ్వు పులుముకుని లేచాను.

వరండాలో పిన్ని సగం చీరిన కొబ్బరాకులు ఉన్నాయి. నిమిషంలో ఎవరు ఎక్కువ ఈనెలు తీస్తారో చూద్దామన్నాను. పిన్నే గెలిచింది. మిషన్లు పోయాక మధ్యాహ్నాలన్నీ బాబాయి కళ్లెదుట కూర్చుని చీపుళ్లకి ఈనెలు తియ్యడమే తన పని. ఎవరో మైకు బదులు టీవీ రిమోటు నా చేతికిచ్చారు. అది చేతికి రాగానే ప్రశ్న బయటికొచ్చేసింది.

"మీవారిలో మీకు నచ్చనిది ఒక్కటి చెప్పండి!"

అలవాటు అడిగిందని తప్పించుకోవచ్చు. అడిగింది నేనే. సంచిలో ఆ నవల పెట్టుకుని, ఆయన ఎదుట, వీధి ఎదుట అడిగాను.

పిన్ని నా వంక చూసింది. బాబాయి వంక చూసింది. రిమోటుకి దగ్గరగా వంగి, స్పష్టంగా చెప్పింది.

"ఆయన కువైట్‌లో ఉన్నన్నాళ్లే నాకు బాగుండేదండీ."

నేను నవ్వాను. ఆ చివరి 'అండీ' ఇంకా పిన్ని నోట్లో ఉండగానే, తల వెనక్కి వేసి, టీవీలో నవ్వే నవ్వు నవ్వాను. ఒక్క క్షణంలో వరండా ఘొల్లుమంది. బాబాయి తొడ చరుచుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వారు. "విన్నారా అండీ? ఇన్నేళ్లూ ఈవిడకి జోకులొచ్చని నాకే తెలీలేదు!" అన్నారు. నవ్వు ఆపుదామని చూశాను. పళ్లు బిగిసి ఉన్నాయిగానీ పెదాలు మూతపడలేదు. అందరిలోకీ నవ్వనిది పిన్ని ఒక్కతే. కాఫీ పెడతానని లోపలికి వెళ్లిపోయింది.

ఈసారి నా వెనక ఎవరూ రాలేదు. ఆ మాటే మళ్లీ మళ్లీ చెప్పుకుని నవ్వుకుంటున్నారు. వంటింట్లో సంచిలోంచి ప్రూఫులు తీశాను.

"నీ మీద నవల రాశాను పిన్నీ. నువ్వు సరేనంటేనే వేయిస్తాను. లేకపోతే ఇక్కడే పొయ్యిలో పెట్టెయ్."

పిన్ని చెయ్యి తుడుచుకుని, కాగితాలని వేలితో ఒకసారి తడిమి చూసింది. చదవలేదు.

"ఇందాకటి మాట ఉందా ఇందులో?"

"ఉంది."

"వేయించుకో."

"బాబాయి చదివితే?"

"చదవనీవే. ఎదురుగా నిలబడి, ఆయన మొహం చూసి చెప్పేను. అర్థవయ్యేది నీకొక్కదానికేనని నీ మొహం కూడా చూసేను. నువ్వే ముందు నవ్వేవు" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

కాఫీలు గ్లాసుల్లో పోసి, ట్రే నా చేతికిచ్చి, అందరికీ ఇచ్చి రమ్మంది. వరండాలోకి వచ్చాను. అందరూ నా మొహంలోకే చూస్తూ ఆగారు. నేను నవ్వాను.