నీళ్ల సిస్టరు నలభై కవర్లు

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లోకానికి సామెత కావచ్చు గానీ, కాలిన గాయాల వార్డులో అది రోజూ వచ్చే కేసు. ఆకులొక్కటే అయితే సరే! టూత్‌పేస్టు పూసుకొస్తారు, సిరా పోసుకొస్తారు, పచ్చిగుడ్డు పగలగొట్టుకొని మరీ వస్తారు. ఇరవయ్యారేళ్లుగా ఆ డ్రెస్సింగు గదిని ఏలుతున్న పెద్ద సిస్టరు అందరికీ ఒకే కేకతో స్వాగతం పలికేది. "కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టడానికి ఏం రోగం? మీ ఇంట్లో నీళ్లు రావా?" అందుకే ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె నీళ్ల సిస్టరే.

నోరు నిప్పు గానీ, చెయ్యి వెన్న. ఆ వార్డులో కాలిన రోజు కన్నా కట్టు విప్పే రోజే నరకం. మందు రాసి కట్టిన గుడ్డ పుండుకి అతుక్కుపోతుంది, దాన్ని రోజూ ఊడదీయాలి. తలుపంత మనిషి వెల్డింగు మేస్త్రీ కూడా ఆ బల్ల ఎక్కితే అమ్మనే పిలుస్తాడు. ఆ కేకలు వినీ వినీ, ఇంట్లో కుక్కరు కూసినా సిస్టరుకి గుండె ఝల్లుమనేది.

అలాంటి గదిలోకి ఒకరోజు పరిశోధన చేసే డాక్టరమ్మ ఒక పెట్టె పట్టుకొచ్చింది. పెట్టెలో చేపతోలు. శుద్ధి చేసి, ఆరబెట్టి, చక్కగా ముక్కలు కోసి ఉంది. పుండు మీద పరిస్తే అదే పట్టుకుంటుందట, మానేదాకా విప్పక్కర్లేదట.

"ఇన్నాళ్లూ ఏ నీళ్లల్లో దాక్కున్నావే తల్లీ!" అని సిస్టరు దానికి దండం పెట్టినంత పని చేసింది.

"నేను మాంసం ముట్టనండీ," అన్నాడు ఇస్త్రీపెట్టె మీద చెయ్యేసి వార్డుకొచ్చిన బ్యాంకు గుమాస్తా.

"తినమన్నామా? కప్పుకోమన్నాం!"

అయితే, చేపతోలు నిజంగా పాత మందు కన్నా మేలో కాదో తేల్చాలి. దానికి డాక్టరమ్మ నలభై కవర్లు అంటించి, అంకెలు వేసి తెచ్చింది. వచ్చిన రోగికి వచ్చిన వరసలో ఒక కవరు. లోపల "చేప" అని ఉంటే చేప, "మందు" అని ఉంటే మందు. "ఎవరికేది అన్నది నేను చెప్పను, మీరూ చెప్పకూడదు. కవరే చెబుతుంది."

"కవరుకేం తెలుసమ్మా? దానికెప్పుడైనా కాలిందా?" అంది సిస్టరు. డాక్టరమ్మ నవ్వేసి వెళ్లిపోయింది. నవ్వకుండా నాలుగు చివాట్లు పెట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

మొదటి వారంలోనే కవరు దాని బుద్ధి చూపించింది. అరచెయ్యంత కాలిన గుమాస్తాకి చేప. రెండు చేతులూ మోచేతులదాకా పోయిన బేకరీ అతనికి మందు. అతని ఏడుపు వినలేక సిస్టరు ఆ రోజు అన్నం మానేసింది. మర్నాటి నుంచి కవర్లని ట్యూబులైటుకి ఎత్తిపట్టి చూడ్డం మొదలుపెట్టింది. పెద్ద పుండు వస్తే చేప ఉన్న కవరు, చిన్నపాటిదైతే మందు ఉన్న కవరు. అంకెల వరస ఎవడిక్కావాలి? న్యాయం తనే చేస్తోందని మురిసిపోయింది కూడా.

ఆరు నెలలకి డాక్టరమ్మ ముఖం వేలాడేసుకొని వచ్చింది. "చేపతోలు ఓడిపోయింది సిస్టర్. చేప వేసిన పుళ్లు మందు వేసినవాటి కన్నా ఆరు రోజులు ఆలస్యంగా మానుతున్నాయి. సోమవారం కమిటీ. ఆపేయమంటారు."

"ఛ! లెక్క తప్పయ్యుంటుంది!"

"కొలతలన్నీ నేనే తీశానండీ. మన ఖర్మ చూడండి, పెద్ద పుళ్లన్నీ చేప వంతుకే వచ్చాయి."

సిస్టరు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. చిన్న పుండు త్వరగా మానుతుంది, పెద్దది ఆలస్యంగా మానుతుంది. ఇది తెలియడానికి డాక్టరు చదువు అక్కర్లేదు. తను ముద్దుచేసినదాని గొంతు తనే నులిమింది.

సాయంత్రం బట్టలు కుట్టుకుంటున్న మొగుడి ముందు కూలబడి అంతా చెప్పింది.

"చెప్పకపోతే ఏమవుద్ది?" అన్నాడాయన.

"చేపతోలు చెత్తబుట్టలోకి పోద్ది."

"చెబితే?"

"నేను పోతాను. రిటైరుమెంటు ఇంకా ఎనిమిది నెలలుందయ్యా! ఇరవయ్యారేళ్ల పేరు!"

ఆయన సూదిలోకి దారం ఎక్కించుకుంటూ ఆలోచించాడు. "ఎలా చూసినా నీ కన్నా ఆ చేపతోలే ఎక్కువకాలం పనికొచ్చేట్టుందే," అన్నాడు. సిస్టరు ఆయన్ని నానామాటలూ అని, మర్నాడు పొద్దున్నే వెళ్లి ఒప్పేసుకుంది.

డాక్టరమ్మ లెక్కల ఫైలు మూసి పక్కన పెట్టింది. తర్వాత, "నలభై మంది సిస్టర్. నలభై మంది నొప్పి వృథా," అంది. ఆ మాట కమిటీ ఇచ్చిన మందలింపు కాగితం కన్నా గట్టిగా తగిలింది. పాత లెక్కలన్నీ కొట్టేశారు. మళ్లీ మొదటి నుంచి! ఈసారి కవర్లు లేవు, ఎవరికేదో వేరే ఊరి ఆఫీసు నుంచి ఫోనులో చెబుతారు. కట్లు మాత్రం సిస్టరే కట్టాలని డాక్టరమ్మ పట్టుబట్టింది, అంత మెత్తని చెయ్యి ఇంకొకరికి లేదు మరి.

మొదటగా వచ్చింది క్యాంటీన్లో వంటచేసే పిల్ల. చెయ్యంతా మరిగే నూనె. "అక్కా, చేపది వెయ్యక్కా, నీకు పుణ్యముంటది!"

ఫోను "మందు" అంది.

"ఇంకోసారి చూడండి బాబూ."

"చూశానండీ. మందే."

నాలుగో రోజు కట్టు విప్పుతుంటే ఆ పిల్ల సిస్టరు ఏడు తరాలనీ తిట్టి, చివరికి వెక్కుతూ అడిగింది. "నా మీద జాలే లేదా అక్కా?"

"ఉందే తల్లీ. ఆ జాలే పోయినసారి కొంప ముంచింది." సిస్టరు జరిగిందంతా దాచకుండా చెప్పేసింది. "ఏది మంచిదో ఇంకా తేలలేదు. నీకిష్టం లేకపోతే లెక్కలోంచి తప్పుకో, సంతకం పెట్టానని భయపడకు. నిన్నెవరూ ఏమీ అనరు."

ఆ పిల్ల ముక్కు తుడుచుకొని ఆలోచించింది. మళ్లీ చెయ్యి చాపింది. "ఇంత ఏడ్చింది ఊరికే పోతే ఎలా? కానియ్యి. అయితే నా ఏడుపు మొత్తం రాయి. ఒక్క బొట్టు తగ్గినా ఊరుకోను."

సిస్టరు కట్టు పూర్తిచేసి, చేతులు కడుక్కొని, కాగితంలో నొప్పి అన్న గడి దగ్గర ఆగింది. పాత నలభై కాగితాల్లో ఆ గడి నిండా తనకి తోచిన అంకెలే వేసింది.

"నొప్పి పదికి ఎంతమ్మా?" అని అడిగింది.

"పదికి పది."

పదికి పది అని రాసి, కళ్లు తుడుచుకుంది.