సెలూన్‌లో ఆగిపోయిన కబుర్లు

మా వీధి సెలూన్ అబ్బాయి ఏ పార్టీ మనిషీ కాదు. అందుకే అతని కుర్చీలో కూర్చుని జనం అన్ని పార్టీలనీ హాయిగా తిట్టుకునేవాళ్లు.

ఎన్నికలొచ్చాయి. ఫిలాసఫీ మాస్టారు గడ్డం గీయించుకుంటూ, “పదవి మీద ఆశ లేనివాడే పాలించాలని వెనకటి తత్వవేత్తలు ఊరికే అనలేదర్రా, వీణ్ణి నిలబెడదాం” అన్నారు.

“నాకొద్దు బాబోయ్!” అని మొత్తుకున్నాడతను.

“చూశారా, వద్దంటున్నాడు! వీడే మనకి కావాల్సినవాడు” అంటూ అందరం ఓట్లేసి కౌన్సిలర్ని చేశాం.

ఇప్పుడా కుర్చీలో ఎవరూ నోరు విప్పరు. నిన్న ఉండబట్టలేక గుమ్మంలోంచే అడిగాను, “ఏరా, ఇంత నిశ్శబ్దమేంట్రా?” అని.

“ఇదివరకు ఎవరి కష్టమైనా ఇక్కడే తెలిసేది పిన్నీ. ఇప్పుడు తీర్చే పదవుంది, చెప్పేవాళ్లే లేరు” అన్నాడు, ఖాళీ కుర్చీ తుడుస్తూ. “మాస్టారు కూడా ఇంట్లోనే గీసుకుంటున్నారు.”